పసుపు మరక ఉన్న చందమామ

సంక్రాంతి నెల పట్టగానే మా రాజాంలో ప్రతి ఇంట్లోనూ బూజు దులుపుళ్లు మొదలవుతాయి. భోగి మంట పిల్లలకి సరదా. ఇంటి ఆడవాళ్లకి మాత్రం ఏడాది పొడుగునా పేరుకున్న చెత్త వదిలించుకునే రోజు. ఈసారి అటక మీదకి నేనే ఎక్కాను. విరిగిన పీట, చిల్లుపడ్డ చాట, ఎలకలు కొట్టేసిన చాప ఒక్కొక్కటే కిందికి అందిస్తుంటే వాటి వెనకాల నా పుట్టింటి రేకు పెట్టె కనబడింది. పెళ్లప్పుడు నాతో వచ్చిన పెట్టె అది. తాళం చెవి ఎప్పుడో పోయింది. మావారు సుత్తితో రెండు దెబ్బలు వేసి మూత తీశారు.

లోపల నా చిన్నప్పటి చందమామలు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అక్కడే నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే తిరగెయ్యడం మొదలుపెట్టింది. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు చూసి "ఎంత బాగున్నాయే అమ్మా" అంది. ఆయన మా శ్రీకాకుళం మనిషేనని గొప్పగా చెప్పాను. ఇంతలో ఒక పుస్తకం నా ముందు పెట్టింది.

"ఇదేటమ్మా, అట్ట మీద పచ్చగా చుక్కలున్నాయి?"

"పసుపు. వంటింట్లో కూర్చుని చదివేదాన్ని కదా, పడుంటుంది" అన్నాను.

అది అబద్ధం. ఆ పసుపు ఎలా పడిందో నాకు బాగా గుర్తుంది. కానీ ఆ మాట చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మేమిద్దరం కలిసి కొన్ని పుస్తకాలు చదివాం. నేను బి.ఏ. తెలుగు చదివి, పెళ్లయ్యాక పోపుల పెట్టె పక్కన పుస్తకం పెట్టుకుని చదువుకునే మనిషిని. పండితురాలిని కాను. అయినా పిల్లల పుస్తకాల్లో ఎవరుంటారు, ఎవరుండరు అన్నదానికి కూడా ఒక చరిత్ర ఉందని ఈ రెండు నెలల్లో తెలుసుకున్నాను. అది ముందు చెప్పి, తర్వాత ఆ మరక సంగతి చెబుతాను.

ముందు చందమామ గురించి. తెలుగు పిల్లలకి పుస్తకం అలవాటు చేసిన పత్రికల్లో దానికంటే ముందు 'బాల' ఉంది. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు, అంటే అందరికీ తెలిసిన రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో మద్రాసు నుంచి తెచ్చారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చందమామ వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు గారు ఏళ్ల తరబడి దాన్ని దిద్దారు. ఆ చక్కటి వచనం లేకపోతే నేను తెలుగు బి.ఏ. చదివి ఉండేదాన్నే కాదు. కాబట్టి చందమామని తప్పుపట్టడానికి కూర్చోలేదు.

కానీ నలభై దాటాక, పక్కన కూతుర్ని పెట్టుకుని మళ్లీ తిరగేస్తే కనబడేది వేరు. రాజు, మంత్రి, జమీందారు, షావుకారు, పండితుడు. అడవి ఉంటుంది, అందులో ముని ఉంటాడు, రాక్షసుడు ఉంటాడు. అదే అడవిలో మన సీతంపేట కొండల మీది సవరల్లాంటి వాళ్లు ఇల్లు కట్టుకుని, పోడు చేసుకుని, పిల్లల్ని పెంచుకుంటూ కనబడరు. తురకలు ఉంటే బాగ్దాదు పాదుషా ఉంటాడు గానీ మన బజార్లో కుట్టుమిషను తొక్కే సాయిబు ఇంట్లో పిల్లాడు ఉండడు. ఊరు ఉంటుంది, ఊరి చివరి పేట ఉండదు. నా పెట్టెలో ఉన్న సంచికల వరకే చెబుతున్నాను. మా అమ్మాయి వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి కాసేపటికి విసుగొచ్చి మానేసింది.

ఇంకో మాట. అందులో ఎవరూ మాలా మాట్లాడరు. ఏటి, ఎందల, ఒలే, గుంట అనే మాటలు అచ్చులో నేను చూసింది చాలా ఆలస్యంగా. సినిమాల్లో మా యాస వస్తే నవ్వించడానికే వచ్చేది. బళ్లో "నాను" అంటే మాస్టారు "నేను అనవే" అని చెవి మెలేసేవారు. నా భాషే పుస్తకంలో లేకపోతే, పేటలో పిల్లకి ఆ పుస్తకంలో ఏం దొరికి ఉంటుంది?

ఈ ప్రశ్న అమెరికాలో ఒక పసిపిల్ల వేసింది. న్యూయార్క్‌లో ఒక శిశుతరగతిలో బొమ్మల పుస్తకం చూస్తూ, అయిదేళ్ల నల్లజాతి పిల్ల, ఇందులో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగింది. ఆ సంగతితోనే నాన్సీ లారిక్ అనే ఆవిడ 1965లో ఒక పెద్ద వ్యాసం రాశారు. అంతకు ముందు మూడేళ్లలో వచ్చిన అయిదు వేల పైచిలుకు పిల్లల పుస్తకాల లెక్క తీస్తే, నూటికి ఏడు పుస్తకాల్లో కూడా నల్లవాళ్లు లేరు. కథలో లేరు, బొమ్మల్లోనూ లేరు. తర్వాత 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు దాన్ని తేలికైన పోలికతో చెప్పారు. పుస్తకం కొందరికి కిటికీ, అందులోంచి పక్కవాళ్ల ఇల్లు చూస్తారు. కొందరికి అద్దం, అందులో తమని తాము చూసుకుంటారు. అద్దం దొరకని పిల్లలకి, ఈ లోకంలో నీకు విలువ లేదని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, వాళ్లకే అర్థమైపోతుంది. ఎప్పుడూ అద్దంలోనే చూసుకునే పిల్లలకి కూడా నష్టమే, లోకమంతా తమలాగే ఉంటుందనుకుంటారు. ఈ రెండో మాట నాకు గట్టిగా తగిలింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. లారిక్ వ్యాసానికి యాభై ఏళ్ల ముందే మా శ్రీకాకుళం మనిషి ఒకాయన ఈ పని మొదలుపెట్టాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి బి.ఏ.లో పేజీలు పేజీలు రాశాను. సవరల కోసం చేసింది మాత్రం ఒక్క వాక్యంలో చదివి దాటేశాం.

ఆయన పర్లాకిమిడిలో రాజావారి బళ్లో మాస్టారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల మాట ఊళ్లో చదువుకున్నవాళ్లకి రాదు, వాళ్లకి బడి లేదు. పంతులు గారు తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. వాళ్ల పాటలు, కథలు పోగుచేశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు తీసుకుని వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర బడి ఒకటి పెట్టి నడపండి అన్నారు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే ఎంతో లెక్క వేసుకోండి. ఒక బడిపంతులు ఇంటి ఇల్లాలిగా కామేశ్వరి... అని ఏదో పేరు పెట్టి ఊహించుకోను గానీ, ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజు ఏమనుకుందో అని మాత్రం నాకు అనిపిస్తుంది.

1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. తర్వాత నిఘంటువు. ఇక్కడితో ఆగితే కథ ఒక మంచి పంతులు గారి కథ అవుతుంది. కానీ 1936లో మంగేయ్ గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకి తామే ఒక లిపి తయారుచేశాడు. సొరంగ్ సోంపెంగ్ అంటారు. పుస్తకం ఇచ్చేవాళ్లు ఎంత మంచివాళ్లయినా, మా అక్షరం మేమే దిద్దుకుంటాం అనే కోరిక ఒకటి ఉంటుంది కదా. గిడుగు గారి పనికి విలువ తగ్గకుండానే ఆ కోరికకి కూడా దండం పెట్టాలి.

తర్వాత ప్రభుత్వాలు ఆ దారి మళ్లీ తొక్కడానికి చాలా కాలం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకి చదువు చెప్పే కార్యక్రమం మొదలైంది. పంతులు గారు వెయ్యి రూపాయలు వద్దన్న ఏడాది నుంచి లెక్కేస్తే తొంభై మూడేళ్లు.

మళ్లీ మా తరానికి వస్తాను. మాకు చందమామ కాక ఇంకో కిటికీ ఉండేది. సోవియట్ పుస్తకాలు. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యానులో మన ఊళ్లదాకా వచ్చేవి. నున్నటి కాగితం, గట్టి అట్ట, అతి తక్కువ ధర. అందులో చింగీజ్ ఐత్‌మాతోవ్ రాసిన 'తొలి ఉపాధ్యాయుడు' నాకు పదమూడేళ్లప్పుడు దొరికింది. కిర్గిజ్ కొండల్లో ఒక పల్లె. దూయిషేన్ అనే అంతంతమాత్రం చదువున్న మనిషి గుర్రాల పాకని బాగుచేసి బడి పెడతాడు, చలికాలం పిల్లల్ని భుజాల మీద వాగు దాటిస్తాడు. ఆల్తినాయ్ అనే తల్లీతండ్రీ లేని పిల్ల అక్కడ చదువుకుంటుంది. రాసినాయన కూడా ఆ కిర్గిజ్ జాతివాడే. ఎక్కడో మంచుకొండల్లో పిల్ల నాకు దగ్గరైపోయింది. మా ఊరి చెరువు అవతల పేటలో పిల్ల ఇంట్లో ఏముంటుందో నాకు తెలీదు. అది వింత అని కూడా అప్పట్లో తోచలేదు.

కాలేజీలో జాషువా గారి 'గబ్బిలం' పాఠం వచ్చింది. 1941 నాటి కావ్యం. గుడిలోకి మనిషిని రానివ్వరు, గబ్బిలం మాత్రం వెళ్లగలదు, అందుకని తన గోడు శివుడికి చెప్పమని దాన్ని పంపుతాడు కవి. మాకు పాఠం చెప్పినాయన పద్యాలు రాగయుక్తంగా పాడారు, సమాసాలు విడదీశారు, మేఘసందేశంతో పోల్చారు. గుడిలోకి ఎవర్ని రానివ్వరో, మన క్లాసులో అలాంటివాళ్లు ఎవరో ఒక్క మాట రాలేదు. నేనూ అడగలేదు. మార్కులు బాగా వచ్చాయి.

అసలు మార్పు మేం బళ్లో ఉండగానే బయట జరుగుతోంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. దళితుల మీద జరిగిన ఆ హత్యల తర్వాత, మా కథ మేమే చెప్పుకుంటాం అనే గొంతులు ఒక్కసారిగా లేచాయి. 1995లో 'చిక్కనవుతున్న పాట' పేరుతో దళిత కవుల సంకలనం వచ్చింది. 1998లో ముస్లిం కవుల 'జల్‌జలా' వచ్చింది. దళిత స్త్రీలు 1921 నుంచి రాసినదంతా వెతికి పోగుచేసి గోగు శ్యామల గారు 'నల్లపొద్దు' తెచ్చారు, 2003లో. ఇవన్నీ పెద్దవాళ్ల కోసం రాసినవే. కానీ ఆ వెనకే ఇంకో రకం పుస్తకాలు వచ్చాయి. తమ బాల్యాన్ని, తమ ఎదిగే వయసుని, తమ ఇంటి మాటలతో చెప్పుకున్న పుస్తకాలు. వీటినే పదిహేనేళ్ల పిల్లలు చదవగలరు, చదవాలి కూడా. బయటి దేశాల్లో కౌమార సాహిత్యం అని వేరే అరల్లో పెడతారు. మనకి అలాంటి అర లేదు గానీ పుస్తకాలు ఉన్నాయి.

యాసలో బాల్యం చెప్పడానికి దారి వేసినాయన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు, చిత్తూరు పల్లె మాటతో. 1990ల చివర మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' వచ్చాయి. నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం పిల్లాడి చిన్నతనం. అమ్మ, నాన్న, నాయనమ్మ, బడి, పండగ, అప్పులు, తిండి యావ. చదువుతుంటే నవ్వాగదు. ఎవరి మీదా కోపం పెట్టుకుని రాసినట్టుండదు. చదివాక మాత్రం, మన వీధిలో ఉన్న ఇల్లే కదా, ఇన్నాళ్లూ లోపలికి ఎందుకు చూడలేదు అనిపిస్తుంది. 2000లో వేముల ఎల్లయ్య గారి 'కక్క' నవల, నల్లగొండ మాదిగ కుర్రాడి కథ, అచ్చంగా ఆ ఊరి మాటలో. మొదటి పది పేజీలు నాకే కష్టమయ్యాయి. తర్వాత అనుకున్నాను, బళ్లో అడుగుపెట్టిన రోజు ఆ పిల్లాడికి మన వాచకం ఇంతే కష్టంగా ఉండి ఉంటుంది కదా అని.

పిల్లల కోసమే అని కట్టి తెచ్చిన ప్రయత్నం ఒకటుంది. హైదరాబాదులో అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం వాళ్లు 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో ఎనిమిది పుస్తకాలు తెచ్చారు. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు, మూడు భాషల్లో. కొట్టాయంలోని డీసీ బుక్స్ వాళ్ల మ్యాంగో పేరు మీద అచ్చయ్యాయి. ఖదీర్‌బాబు, గోగు శ్యామల, జూపాక సుభద్ర, గోపిని కరుణాకర్ లాంటి వాళ్లు రాశారు. తలకాయ కూర వండుకున్న ఇంటి కథ ఉంది. బళ్లో ఇద్దరాడపిల్లల స్నేహం కథ ఉంది. తల్లికి చెప్పులు కుట్టిన బడెయ్య కథ ఉంది.

వీటిల్లో నాకు నచ్చినదేమిటంటే జాలి లేదు. మనకి అలవాటైన కథలో పేదపిల్ల ఏడుస్తుంది, పెద్దింటి అమ్మ కరుణిస్తుంది, మనం కళ్లు తుడుచుకుని పుస్తకం మూసేస్తాం. ఇక్కడ అలా కాదు. గోగు శ్యామల గారి కథలో బాలమణి అనే పదకొండేళ్ల పిల్ల తెల్లారకముందే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తుంది. ఆ చీకట్లో ఎదురైన ప్రమాదం నుంచి తన తెగువతోనే బయటపడుతుంది. కథ పేరులో ఆ పిల్ల 'తాటకి'. మా ఇంట్లో మాట వినని ఆడపిల్లని తిట్టడానికి వాడే పేరు అది. మా మామ్మ నన్ను తిట్టింది, నేను మా అమ్మాయిని తిట్టాను. కథ చదివాక మా అమ్మాయి రెండు రోజులు తనని తనే తాటకి అని పిలుచుకుంది. అంట్లు తోమమంటే "తాటకి తోమదు" అంది. నవ్వొచ్చింది గానీ, పేరు తిరగబడటం అంటే ఏమిటో ఆ పిల్లకి ఏ పాఠమూ లేకుండా తెలిసిందని సంతోషమేసింది.

మా వైపు కూడా ఉన్నారు. పార్వతీపురం మన్యం వైపు నుంచి మల్లిపురం జగదీశ్ గారు ఆదివాసీ రచయితగా ఆ కొండల జీవితాన్ని లోపలి నుంచి రాస్తున్నారు. 'శిలకోల' ఆయన కథల పుస్తకం. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డు డబ్బుతో 1997లో కట్టించిన ఇల్లు అది, తెలుగులో వచ్చిన ప్రతి కథనీ ఒకచోట చేర్చాలని. రాజాం నుంచి బస్సెక్కితే పూట పని. నలభై ఏళ్ల దాకా నేను వెళ్లలేదు. పెళ్లిళ్లకి, అరసవల్లి దర్శనానికి ఎన్నిసార్లు శ్రీకాకుళం వెళ్లానో లెక్కలేదు.

ఊళ్లో షాపుల్లో ఇవి దొరకవు. గైడ్లు, మోడల్ పేపర్లు, ఇంగ్లీషులో స్పష్టంగా మాట్లాడటం ఎలా అనే పుస్తకాలు దొరుకుతాయి. మా రాజాంలో పిల్లలకి చరిత్ర అంటే తాండ్ర పాపారాయుడు. 1757 బొబ్బిలి యుద్ధం నాడు ఆయన రాజాంలో ఉన్నాడని, కబురు ఆలస్యంగా అందిందని చిన్నప్పటి నుంచి వింటాం. నాకూ గర్వమే. కాకపోతే ఆ కోట గోడకి మట్టి మోసినవాళ్ల మనవల మనవలు కూడా ఈ ఊళ్లోనే ఉన్నారు, మన పిల్లల పక్క బెంచీలోనే కూర్చుంటున్నారు. వాళ్ల ఇంటి కథ కూడా ఈ ఊరి చరిత్రే. అందుకే పుస్తకాలు తెప్పించుకున్నాం. కొన్ని విజయనగరంలో చదువుకుంటున్న మా అక్క కొడుకు తెచ్చిపెట్టాడు. కొన్ని పాత పుస్తకాలే దొరికాయి.

ఇక మరక సంగతి.

జూపాక సుభద్ర గారి స్నేహం కథ చదివిన రాత్రి మా అమ్మాయి పక్క మీద పడుకుని, "నీకిలాంటి ఫ్రెండు ఉండేదా అమ్మా?" అంది. కరెంటు పోయింది. మొహాలు కనబడట్లేదు. అందుకే చెప్పగలిగాననుకుంటాను.

ఉండేది. అయిదో తరగతిలో నా పక్కన కూర్చునేది. నాకంటే బాగా చదివేది. పేటలో వాళ్లిల్లు. మాదేమీ పెద్ద కులం కాదు, దుక్కి దున్నుకునే ఇల్లే. మమ్మల్ని తక్కువ చూసే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అయినా మా కింద ఇంకొకరు ఉన్నారని మా మామ్మకి బాగా గుర్తుండేది. ఆ పిల్లకి చందమామ అంటే ప్రాణం. నేను బళ్లో ఇస్తే రెండు రోజుల్లో చదివి తెచ్చేది, మూల కూడా మడత పడేది కాదు. ఒకరోజు బడి లేదు. పుస్తకం ఇవ్వడానికి మా ఇంటికే వచ్చింది. అరుగు కిందే నిలబడింది. నేను పరిగెత్తుకెళ్లి అందుకున్నాను.

"ఎవులికిచ్చినావే ఆ పుస్తకం?" అని మామ్మ లోపల్నుంచి వచ్చింది. ఆ పిల్ల ఎవరి పిల్లో చూసింది. "అక్కడే పెట్టీ, ముట్టుకోకు" అంది. గిన్నెలో పసుపు నీళ్లు తెచ్చి అరుగు మీదున్న పుస్తకం మీద చల్లింది. తర్వాత నా చేతుల మీద కూడా చల్లింది.

ఆ పిల్ల ఇంకా వెళ్లలేదు. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసింది. చూసిందని నాకు తెలుసు. నేను ఒక్క మాట అనలేదు. పదేళ్ల పిల్లని, ఏమనగలను అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ మర్నాడు బళ్లో కూడా ఏమీ అనలేదు కదా. కొత్త చందమామ వచ్చినప్పుడు ఇవ్వబోతే "నాను సదివీసినాను" అంది. ఎక్కడ చదువుతుంది, ఊళ్లో చందమామ వచ్చేది మా ఇంటికే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఏడో తరగతి తర్వాత బడి మానేసింది.

మామ్మ నన్ను ప్రాణంలా చూసుకున్న మనిషి. నాకు కథలు చెప్పి అన్నం తినిపించింది ఆవిడే. ఆ చేతులే పసుపు నీళ్లు చల్లాయి. ఈ రెండూ ఒకే మనిషి అని పిల్లకి చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు, "ఆవిడ పేరేటమ్మా?" అంది. చెప్పాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ పేరు పైకి అన్నాను.

ఆవిడ వైపు నుంచి ఈ కథ ఎవరూ రాయలేదు. నేను రాయలేను. మలుపు దగ్గర నిలబడి వెనక్కి చూసినప్పుడు ఏమనిపించిందో నాకు తెలీదు, తెలిసినట్టు రాస్తే అది ఇంకో రకం పసుపు నీళ్లు అవుతుంది. శ్యామల గారు, సుభద్ర గారు, ఖదీర్‌బాబు గారు, జగదీశ్ గారు రాసినవి ఎందుకు కావాలో నాకు ఈ మరక వల్లే అర్థమైంది. నా అరుగు మీద నుంచి కనబడేది సగమే. మిగతా సగం వాళ్ల దగ్గరుంది. ఆ పుస్తకాలు మా అమ్మాయికి పదేళ్లప్పుడే ఇంట్లో ఉండుంటే బాగుండేది. నాకు పదేళ్లప్పుడు ఉండుంటే ఇంకా బాగుండేది.

భోగి నాడు ఆ చందమామని మంటలో వెయ్యలేదు. అటక మీదకి కూడా తిరిగి వెళ్లలేదు. మా అమ్మాయి దాన్ని తన బల్ల మీద, తాటకి పుస్తకం పక్కన పెట్టుకుంది.

మా పదో తరగతి వాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఆవిడ ఫోన్ నంబరు దొరికింది. విశాఖపట్నంలో ఉంటోందట, ఇద్దరు పిల్లలట. వారం రోజులైంది. రోజూ అన్నం పొయ్యి మీద పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంటాను, కూర అయ్యేదాకా అలాగే పట్టుకుని, మళ్లీ పెట్టేస్తాను. మా అమ్మాయి రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే ఒకటే అడుగుతోంది.

"చేసినావా?"